కొత్త రిమ్ములు వేసే ముందు బ్యాక్‌స్పేసింగ్ చూసుకున్నారా?

కొత్త రిమ్ము హబ్బు (చక్రాన్ని బిగించే ఇరుసు తల) మీద కూర్చుంది, నట్లన్నీ పట్టాయి, జాకీ దింపితే చక్రం బాగానే తిరుగుతోంది. చాలామంది లెక్కలో ఇక పని అయిపోయినట్టే. నిజానికి అప్పటికి తేలింది ఒక్కటే, స్టడ్ల (నట్లు ఎక్కే మరమేకుల) వరస సరిపోయిందని. ఆ చక్రం లోపలివైపు స్ట్రట్‌కి (షాక్ అబ్జార్బర్ ఉండే నిలువు గొట్టానికి) ఎంత దూరంలో ఉంది, బయటివైపు మడ్‌గార్డు అంచుకి ఎంత దూరంలో ఉంది, బండి నిండా మనుషులెక్కి గుంతలో పడ్డప్పుడు ఆ దూరాలు ఏమవుతాయి అన్నవి ఇంకా తేలలేదు. వాటిని తేల్చే కొలతల్లో మొదటిది బ్యాక్‌స్పేసింగ్.

ఈ తనిఖీ అంతా రిమ్ముకి టైరు ఎక్కించకముందే జరగాలి. టైరు ఎక్కి, నట్లు బిగిసి, గీతలు పడ్డ రిమ్మును వెనక్కి తీసుకోవడానికి అమ్మినవాళ్లు మామూలుగా ఒప్పుకోరు. అప్పుడిక "ఇంత ఖర్చు పెట్టాం, కాస్త రాసుకుంటే ఏమైందిలే" అని మనకి మనమే సర్దిచెప్పుకోవడం మొదలవుతుంది.

కొలిచేటప్పుడు

రిమ్ములో హబ్బుకి ఆనుకునే చదునైన ముఖం ఒకటి ఉంటుంది. ఆ ముఖం నుంచి రిమ్ము లోపలివైపు, అంటే ఇంజిన్ వైపు ఉండే అంచు చివరిదాకా ఉన్న దూరమే బ్యాక్‌స్పేసింగ్. కొలవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. రిమ్మును అందమైన వైపు కిందకి వచ్చేలా మెత్తటి గుడ్డ మీద బోర్లించి, పైకొచ్చిన అంచు మీద ఒక వంకర లేని పట్టీని అడ్డంగా పెట్టి, పట్టీ కింది అంచు నుంచి ఆ చదును ముఖం దాకా టేపు దింపితే చాలు.

తప్పులు జరిగేది ఇక్కడే. పట్టీ మందాన్ని కూడా కొలతలో కలిపేస్తారు. మధ్య రంధ్రం దగ్గర కొంచెం లోతుగా చెక్కి ఉన్న భాగం దాకా టేపు పెడతారు, హబ్బుకి ఆనేది అది కాదు. అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది, టైరుతో ఉన్న చక్రం మీద పట్టీ వేసి కొలవడం. టైరు పక్కగోడ రిమ్ము అంచుని దాటి ఉబ్బి ఉంటుంది కాబట్టి అలా వచ్చే అంకె అసలు దానికన్నా ఎక్కువ చూపిస్తుంది. టైరు తీయడం కుదరకపోతే రిమ్ము మీదున్న గుర్తుల నుంచి లెక్కగట్టడమే మేలు.

ఆ గుర్తులు సాధారణంగా చువ్వల వెనక గానీ, చదును ముఖం చుట్టూ గానీ పోతపోసి ఉంటాయి. 16 × 7 జె, ఈటీ 45 అని ఉందనుకోండి. 16 రిమ్ము వ్యాసం, 7 వెడల్పు, రెండూ అంగుళాల్లో. జె రిమ్ము అంచు ఆకారానికి గుర్తు. ఈటీ 45 అనేది ఆఫ్‌సెట్, మిల్లీమీటర్లలో. రిమ్ము వెడల్పుకి సరిగ్గా మధ్యలో గీత గీస్తే, ఆ గీత నుంచి హబ్బుకి ఆనే ముఖం ఎంత దూరంలో ఉందో చెప్పేది ఆఫ్‌సెట్. ముఖం రోడ్డు వైపు జరిగి ఉంటే ప్లస్, ఇంజిన్ వైపు జరిగి ఉంటే మైనస్. ఇప్పటి ముందుచక్రాల డ్రైవు కార్లలో దాదాపు అన్నీ ప్లస్సే.

ఆఫ్‌సెట్ నుంచి బ్యాక్‌స్పేసింగ్ రాబట్టేటప్పుడు ఒక సంగతి మరవకూడదు. 7 అంగుళాలు అంటే టైరు అంచులు కూర్చునే రెండు గట్ల మధ్య దూరం. వాటి అవతల రెండువైపులా ఇంచుమించు అర అంగుళం చొప్పున పెదవి ఉంటుంది. అంటే 7 అంగుళాల రిమ్ము అంచు నుంచి అంచుకి దాదాపు 8 అంగుళాలు, 203 మి.మీ. అందులో సగం 101.6కి ఆఫ్‌సెట్ 45 కలిపితే బ్యాక్‌స్పేసింగ్ 146.6 మి.మీ., అంటే 5.8 అంగుళాలకి కొంచెం తక్కువ. పెదవుల మందం కంపెనీని బట్టి కాస్త అటూఇటూ అవుతుంది కనుక రెండు మూడు మిల్లీమీటర్ల తేడాకి ఎప్పుడూ చోటు వదలండి.

పాత చక్రంతో పోల్చండి

కారుకి ఏ బ్యాక్‌స్పేసింగ్ సరైనదని అడిగితే ఒక్క అంకెలో జవాబు దొరకదు. కంపెనీ ఇచ్చిన చక్రంతో పోలిస్తే కొత్తది లోపలికి ఎంత వెళ్తోంది, బయటికి ఎంత వస్తోంది అనేవే పనికొచ్చే రెండు అంకెలు. వాటిని కాగితం మీద వేసుకోకుండా రిమ్ములు కొనడం నా దృష్టిలో కళ్లు మూసుకుని కొనడమే.

పైన చెప్పిన 7 అంగుళాల, 45 ఆఫ్‌సెట్ చక్రం స్థానంలో 8 అంగుళాల, 35 ఆఫ్‌సెట్ చక్రం వేద్దామనుకుందాం. కొత్తదాని మొత్తం వెడల్పు 228.6 మి.మీ., సగం 114.3. దానికి 35 కలిపితే బ్యాక్‌స్పేసింగ్ 149.3. లోపలికి తేడా 2.7 మి.మీ. మాత్రమే. బయటివైపు చూస్తే పాతది 101.6లోంచి 45 పోగా 56.6 ఉండేది, కొత్తది 114.3లోంచి 35 పోగా 79.3. దాదాపు 23 మి.మీ. బయటికి పొడుచుకొస్తుంది. లోపల భయం లేదు, చూసుకోవాల్సింది మడ్‌గార్డు అని ఈ చిన్న లెక్కే చెప్పేస్తుంది.

"ఆఫ్‌సెట్ ఒకటేగా, పట్టేస్తుంది" అనేది తరచూ వినిపించే మాట. ఆఫ్‌సెట్ 45గానే ఉంచి వెడల్పు 7 నుంచి 8 అంగుళాలకి పెంచితే రెండు వైపులా 12.7 మి.మీ. చొప్పున పెరుగుతుంది. చాలా కార్లలో స్ట్రట్‌కీ టైరుకీ మధ్య అంత ఖాళీ ఉండదు. అదే బ్యాక్‌స్పేసింగ్‌ను మార్చకుండా వెడల్పు పెంచారనుకోండి, లోపల ఏ తేడా రాదు, పెరిగినదంతా బయటికే వస్తుంది. వెడల్పు, బ్యాక్‌స్పేసింగ్, ఆఫ్‌సెట్ మూడింటిలో ఏ రెండు తెలిసినా మూడోది దొరుకుతుంది. ఒక్కటే తెలిస్తే మాత్రం ఏమీ తెలియనట్టే.

ఇక టైరు. 225 (మి.మీ.) అని రాసున్న టైరు వెడల్పు ఒక నిర్ణీత రిమ్ము మీద కొలిచిన అంకె. రిమ్ము అర అంగుళం వెడల్పు పెరిగితే టైరు కూడా 5 మి.మీ. దాకా సాగుతుంది. టైరు మధ్యగీత, రిమ్ము మధ్యగీత ఒకటే కాబట్టి టైరు వెడల్పులో సగానికి ఆఫ్‌సెట్ కలిపితే టైరు లోపలి ఉబ్బు ఎక్కడిదాకా వస్తుందో తెలుస్తుంది. రిమ్ము అంచుకి ఒక లెక్క, టైరు ఉబ్బుకి ఒక లెక్క, రెండూ వేసి ఏది ఎక్కువైతే దాన్నే నమ్మాలి. ఒకే సైజు టైర్లు కంపెనీని బట్టి కొన్ని మిల్లీమీటర్లు తేడాగా ఉంటాయి. పక్కవాళ్ల కారుకి పట్టిందన్న సాక్ష్యం మీ కారుకి చెల్లకపోవడానికి ఇదొక కారణం.

లోపలికి మరీ వెళ్తే

బ్యాక్‌స్పేసింగ్ ఎక్కువైతే చక్రం కారు కడుపులోకి జరుగుతుంది. అక్కడ చోటు చాలా ఇరుకు. స్ట్రట్ గొట్టం, స్ప్రింగు కూర్చునే పళ్లెం, స్టీరింగ్ కడ్డీ చివరి కీలు (టై రాడ్ ఎండ్), చక్రాన్ని కింద పట్టి ఉంచే ఆర్మ్ కీలు (బాల్ జాయింట్), బ్రేకు గొట్టం, ఏబీఎస్ సెన్సార్ తీగ అన్నీ ఆ పక్కనే ఉంటాయి. నేరుగా నిలబెట్టినప్పుడు తగలకపోవచ్చు. స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడు, లేదా చక్రం పైకి లేచినప్పుడు తగులుతుంది.

ఇందులో భయపడాల్సిన సంగతి, ఆ రాపిడి కంటికి కనిపించకపోవడం. బయటివైపు మడ్‌గార్డు గీరితే చప్పుడొస్తుంది, రంగు పోతుంది, అదే రోజు తెలిసిపోతుంది. లోపలి పక్కగోడని స్ప్రింగు పళ్లెం కొంచెం కొంచెంగా కోస్తూ ఉంటే కారు కింద దూరి టార్చి వేస్తే తప్ప తెలియదు. టైరులో బరువు మోసే దారాలు పక్కగోడలోనే ఉంటాయి, అక్కడ రబ్బరు పొర పల్చన. దారాలు తెగిన పక్కగోడకి ప్యాచ్ వేసి వాడకూడదు. అది పగిలేది కూడా ఎక్కువగా వేడెక్కి వేగంగా పరిగెడుతున్నప్పుడే.

బ్యాలెన్సింగు కోసం రిమ్ముకి అంటించే సీసం ముక్కల్ని లెక్కలోకి తీసుకోనివాళ్లే ఎక్కువ. రిమ్ముకీ టై రాడ్ ఎండ్‌కీ మధ్య 3 మి.మీ. ఖాళీ ఉందని సంతోషించి బయల్దేరితే, లోపలి అంచుకి కొట్టిన బిళ్ల ఆ మూడునీ తినేస్తుంది. బిళ్ల ఊడితే చక్రం వణుకుతుంది, ఊడకపోతే అది తగిలిన భాగం అరుగుతుంది. చక్రంతో పాటే కదిలే స్ట్రట్ లాంటి భాగాలకి కనీసం 5 మి.మీ. ఖాళీ నేనైతే అడుగుతాను. బాడీకి బిగించి ఉండే భాగాల దగ్గర చక్రం ఎగిరిపడుతుంది, వాటికి ఇది ఏమాత్రం చాలదు.

బ్రేకు ప్యాడ్లని డిస్కుకి నొక్కే క్యాలిపర్ సంగతి వేరు. అది తగులుతుందా లేదా అనేది బ్యాక్‌స్పేసింగ్ అంకెలో దొరకదు. చువ్వల వెనక వంపు ఎలా ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఒకే వెడల్పు, ఒకే ఆఫ్‌సెట్ ఉన్న రెండు డిజైన్లలో ఒకటి క్యాలిపర్‌ని తప్పించుకుంటుంది, ఇంకోటి గీరుతుంది. టైరు లేని రిమ్మును హబ్బుకి బిగించి చేత్తో తిప్పి చూడటమే దీనికి దారి.

బయటికి మరీ వస్తే

చక్రాలు బయటికి పొడుచుకొచ్చి ఉంటే బండి చూపులకి బలిసినట్టు కనిపిస్తుంది. ఆ చూపు కోసమే చాలామంది తక్కువ బ్యాక్‌స్పేసింగ్ వైపు వెళ్తారు. లోపల ఎక్కడా తగలదు కాబట్టి ఇది క్షేమమనే అభిప్రాయం కూడా ఉంది. అసలు చిక్కులు ఎక్కువగా ఉన్నది ఈ వైపే.

ముందుగా బేరింగు. కారు బరువు టైరు నేలని తాకే చోటునుంచి హబ్బు బేరింగుకి చేరుతుంది. ఆ చోటు ఎంత బయటికి జరిగితే బేరింగు మీద మెలి అంత పెరుగుతుంది. నిండు బిందెని చంకన పెట్టుకుని మోయడానికీ, చెయ్యి చాచి మోయడానికీ ఉన్న తేడా అది. బిందె బరువు మారలేదు, భుజం నొప్పి మారింది. బేరింగుతో పాటు బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు కూడా తొందరగా వదులవుతాయి. వేగంతో పాటు పెరిగే బొంయ్‌మనే మోత, ఒకవైపు తిప్పితే ఎక్కువై ఇంకోవైపు తిప్పితే తగ్గుతుంటే బేరింగు మొర పెట్టుకుంటోందని అర్థం.

రెండోది స్టీరింగ్. స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రం ఏ ఇరుసు చుట్టూ పక్కకి మళ్లుతుందో, ఆ ఇరుసు గీతని నేల దాకా పొడిగిస్తే ఒక చోట తాకుతుంది. టైరు నేల మీద ఆనే చోటు మధ్యబిందువు ఇంకొకటి. ఈ రెంటి మధ్య అడ్డదూరాన్ని స్క్రబ్ రేడియస్ అంటారు. కారు తయారుచేసినవాళ్లు దీన్ని మిల్లీమీటర్లలో తూచి పెడతారు. ఆఫ్‌సెట్ 20 తగ్గిస్తే ఇది ఇంచుమించు 20 మి.మీ. మారిపోతుంది.

మారితే ఏమవుతుంది? గుంతలో పడ్డప్పుడు స్టీరింగ్ చేతుల్లోంచి గుంజుకుంటుంది. రోడ్డు మీద పడ్డ చాళ్లలోకి బండి తనంతట తానే లాగుతుంది. ముందుచక్రాల డ్రైవు కార్లలో గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే పక్కకి గుంజే గుణం పెరుగుతుంది. ఇవన్నీ చిరాకులు, అలవాటు పడతాం. అలవాటు పడకూడనిది బ్రేకు సంగతి. చాలా కార్లలో బ్రేకు ఆయిలు రెండు దారుల్లో మూలలకి అడ్డంగా పంచి ఉంటుంది. ఒక దారి పాడైతే ఒక ముందు చక్రం, దాని ఎదురు మూల వెనక చక్రం మాత్రమే పట్టుకుంటాయి. అప్పుడు బండి పక్కకి తిరిగిపోకుండా ఉండటానికే అలాంటి కార్లలో స్క్రబ్ రేడియస్‌ని నెగెటివ్‌గా, అంటే ఇరుసు గీత టైరు మధ్యబిందువుకి బయటివైపు పడేలా పెడతారు. ఒకవైపు చక్రాలు తడి మట్టి మీద, రెండోవైపువి పొడి రోడ్డు మీద ఉన్నప్పుడు బ్రేకు వేసినా అదే ఆదుకుంటుంది. చక్రాన్ని బయటికి జరిపితే ఆ సాయాన్ని మన చేతులతోనే తీసేసినట్టు. మామూలు రోజుల్లో తేడా తెలియదు కూడా.

మూడోది తిరుగుడు వలయం. ఎస్‌యూవీలకి, పికప్పులకి పెద్ద టైర్లు, మైనస్ ఆఫ్‌సెట్ రిమ్ములు వేసేవాళ్లు తప్పక చూడాల్సింది ఇదే. చక్రం ఆ మళ్లే ఇరుసుకి దూరంగా జరిగితే, తిప్పినప్పుడు టైరు ముందంచు, వెనకంచు పెద్ద వలయంలో తిరుగుతాయి. లోపల బోలెడు ఖాళీ దొరికిందనుకున్న టైరే బంపర్ వెనక మూలకో, తలుపు ముందున్న బాడీ అతుకుకో వెళ్లి కొట్టుకుంటుంది. నేరుగా ఉన్నప్పుడు కొలిచిన ఏ అంకెలోనూ ఇది కనిపించదు.

మడ్‌గార్డు దాటి టైరు బయటికి కనిపిస్తే చాలా దేశాల్లో చట్టం ఒప్పుకోదు. రాళ్లు, బురద ఎగిరి వెనకొచ్చేవాళ్ల మీద పడతాయి. బీమా కంపెనీకి చెప్పకుండా మార్చితే క్లెయిము రోజున అదొక పేచీ.

స్పేసర్లు

లోపల తగులుతోంది కాబట్టి హబ్బుకీ రిమ్ముకీ మధ్యలో ఒక స్పేసర్ బిళ్ల పెట్టేద్దామనేది సులువుగా తట్టే ఉపాయం. 20 మి.మీ. స్పేసర్ పెడితే 45 ఆఫ్‌సెట్ 25 అయినట్టే, బ్యాక్‌స్పేసింగూ అంతే తగ్గినట్టే. అంటే బయటివైపు కష్టాలన్నీ దాంతోపాటు వస్తాయి. లావుపాటి స్పేసర్ల కంటే పల్చటివే నాకు ఎక్కువ అనుమానం. లావువాటికి సొంత స్టడ్లు, మధ్యలో హబ్బు గట్టు ఉంటాయి. కొన్ని మిల్లీమీటర్ల పల్చటి పళ్లెం అయితే ఉన్న స్టడ్డు పొడవునే తింటుంది, రిమ్మును మధ్యలో నిలబెట్టే హబ్బు గట్టుని కూడా మింగేస్తుంది. నట్టు మరలో కనీసం స్టడ్డు వ్యాసమంత లోతు దిగాలి. 12 మి.మీ. స్టడ్డు, 1.5 మి.మీ. పిచ్ (ఒక మర నుంచి పక్క మరకి దూరం) అయితే అది 8 పూర్తి చుట్లు. చేత్తో తిప్పుతూ లెక్కపెట్టండి, అంతకు తక్కువ వస్తే ఆ స్పేసర్ పక్కన పడేయండి. ఒకదాని మీద ఒకటి పేర్చడం అసలు వద్దు.

అంకెలు కుదిరాక కూడా

స్టడ్ల వలయం వ్యాసం ఇంచుమించుగా సరిపోతే చాలదు. 5 స్టడ్ల 112 మి.మీ. రిమ్ము 114.3 హబ్బు మీద గుంజి బిగిస్తే ఎక్కినట్టే అనిపిస్తుంది, నట్లు మాత్రం వంకరగా కూర్చుని వదులవుతాయి. మధ్య రంధ్రం హబ్బు కంటే పెద్దదైతే ఆ సందుని నింపే సరైన కొలత హబ్ రింగు వెయ్యాలి. నట్టు కూర్చునే గూడు శంఖాకారమా, గుండ్రమా, చదునా అని చూసి దానికి తగ్గ నట్లే వాడాలి. పాత రిమ్ము నట్లు కొత్తదానికి సరిపోతాయన్న నమ్మకం లేదు.

రిమ్ము మోయగల బరువు దాని మీదే పోతపోసి ఉండాలి. కారు ఒక్కో ఇరుసు (ఎడమ కుడి చక్రాల జత) మీద పడే గరిష్ఠ బరువులో సగానికి తగ్గకూడదు. ఇరుసుకి 1,100 కిలోలు అని ఉంటే చక్రానికి 550. ఆ గుర్తే లేని రిమ్మును ఎంత చవకైనా ముట్టుకోవద్దు. తక్కువ బ్యాక్‌స్పేసింగ్ రిమ్ములో చువ్వల మీద కూడా మెలి పెరుగుతుంది కనుక ఇక్కడ రాజీ పడటానికి లేదు. టైరు పూర్తి వ్యాసం పాతదానికి దగ్గరగా ఉండాలి. 205/55 ఆర్16 దాదాపు 632 మి.మీ., 225/45 ఆర్17 దాదాపు 634, ఇలాంటి జత అయితే స్పీడోమీటరుకీ ఏబీఎస్‌కీ ఇబ్బంది ఉండదు.

బిగించి చూసేటప్పుడు

టైరు ఎక్కించే ముందు ఒట్టి రిమ్ముతో ఒకసారి, ఎక్కించాక ఒక్క చక్రంతో ఒకసారి చూడండి. హబ్బు ముఖం మీద తుప్పు, మట్టి బ్రష్షుతో గీకేయాలి, అక్కడ చిక్కుకున్న చిన్న పెచ్చు కూడా తర్వాత నట్టు వదులవడానికి చాలు. జాకీ మీద నిలబడ్డ కారు కిందికి చెయ్యి పెట్టకండి, స్టాండు వేశాకే.

జాకీ మీద వేలాడే చక్రం అసలు సంగతి చెప్పదు. కారుని నేల మీద దింపి, ఒక ముందు చక్రాన్నీ దానికి ఎదురు మూల వెనక చక్రాన్నీ గట్టి దిమ్మల మీదికి ఎక్కించి, మిగతా చక్రాలకి అడ్డం పెట్టి, స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పాలి. తర్వాత రెండో వైపు. అనుమానమున్న చోట మెత్తటి బంకమట్టి ముద్ద అంటిస్తే ఎంత ఖాళీ మిగిలిందో ముద్ద మందమే చెబుతుంది. టైరు లోపలి పక్కగోడ మీద సుద్దముక్కతో అడ్డగీతలు గీసి, బండి నిండా బరువుతో మెల్లగా ఒక చుట్టు తిరిగిరండి. గీతలు చెరిగిన చోటే రాసుకున్న చోటు. సస్పెన్షన్ ఎత్తు తగ్గించిన కార్లకి ఈ పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే కంపెనీ వదిలిన ఖాళీలో కొంత అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది.

నట్లు నక్షత్రం ఆకారంలో ఎదురెదురుగా, కారు పుస్తకంలో ఉన్న అంకెకి టార్క్ రెంచితో (బిగింపు ఎంతో చూపించే పానాతో) బిగించండి. మరలకి గ్రీజు, నూనె రాయొద్దు, రాస్తే అదే అంకె దగ్గర స్టడ్డు మీద లాగుడు ఎక్కువైపోతుంది. 80 నుంచి 160 కి.మీ. దూరం నడిపాక, చక్రం చల్లారి ఉన్నప్పుడు మళ్లీ ఒకసారి రెంచి పెట్టి చూడాలి. వీల్ అలైన్‌మెంట్ ఆ వారంలోనే చేయించండి. మొదటి నెలంతా వారానికోసారి టార్చితో లోపలి పక్కగోడ చూస్తే చాలు. మెరుస్తున్న గీత గానీ, కాలిన రబ్బరు వాసన గానీ ఉంటే ఆ చక్రాలు విప్పేసి పాతవి వేసి నడపండి, "సర్దుకుంటుందిలే" అని వదలొద్దు.

వానలు, మంచు వచ్చే ముందు ఇంకో చూపు అవసరం. ఇరుకు ఖాళీలో బురద చేరి గట్టిపడితే అది ఇసుక కాగితంలా పక్కగోడని అరగదీస్తుంది. మంచు గొలుసులు వాడే చోట గొలుసు మందానికి లోపల ఖాళీ ఉండాలి, కారు పుస్తకం గొలుసుకి ఏ సైజు టైరు ఒప్పుకుంటుందో అదే వాడాలి.

ఆఖరున డిక్కీలో ఉన్న స్టెప్నీ. అది ఇంకా పాత రిమ్మే కదా. కొత్త నట్లు దాని గూట్లో సరిగ్గా కూర్చుంటాయా, పెద్ద బ్రేకులు వేసి ఉంటే వాటిమీదుగా అది ఎక్కుతుందా అని ఇంటి దగ్గరే ఒకసారి బిగించి చూడండి. కూర్చోకపోతే పాత నట్లు ఒక సంచిలో వేసి స్టెప్నీ పక్కనే పెట్టండి, వాటికి సరిపోయే పానాతో సహా.